జానీ విల్కిన్‌సన్: దెబ్బల మనిషా, దెబ్బలు తిన్న మనిషా?

ఎడమకాలి పది (తిరుపతి) | ఆదివారం, ఉదయం 10:50

ఈ ఉదయం యూనివర్సిటీ మైదానంలో ఆట ముగిశాక టీ బండి దగ్గర మొదలైన గొడవ ఇది. తొమ్మిది మందిమి ఉన్నాం, ఇద్దరి మాట కలవలేదు. టీ చల్లారిపోయింది కానీ గొడవ చల్లారలేదు, అందుకని ఇక్కడికి తెస్తున్నాను.

ఇంగ్లండ్ రగ్బీవాడు జానీ విల్కిన్‌సన్ గొప్ప ఆటగాడా, లేక ఒక్క తన్నుతో పేరు తెచ్చుకుని తర్వాత మంచం పట్టిన ఆటగాడా? రెండో మాట నాది కాదు, మన చిత్తూరు స్క్రమ్ అన్నది.

కొత్తవారి కోసం రెండు ముక్కలు. 2003 నవంబరు 22న సిడ్నీలో ప్రపంచ కప్పు ఫైనల్. ఇంగ్లండ్ 17, ఆస్ట్రేలియా 17. అదనపు సమయం కూడా ముగియవస్తోంది, ఇంకా 26 సెకన్లు. ఎడమకాలి ఆటగాడైన విల్కిన్‌సన్ కుడికాలితో డ్రాప్ గోల్ కొట్టాడు. 20–17. వయసు 24. ఇక ఇంగ్లండ్ తరఫున అతను మళ్ళీ మైదానంలోకి దిగింది 2007 ఫిబ్రవరి 3న. మధ్యలో 1,169 రోజులు.

నా కుడి మోకాలి సంగతి పాతవారికి తెలుసు. చెన్నైలో కాలేజీ జట్టుకు ఆడుతూ లిగమెంటు తెంచుకున్నవాణ్ణి. కాబట్టి ఈ విషయంలో నన్ను తటస్థుడిగా లెక్కవేయకండి.

---

చిత్తూరు స్క్రమ్ (చిత్తూరు) | ఆదివారం, ఉదయం 11:35

నా మాటను సగం కోసి వడ్డించావు తమ్ముడూ. నేను అన్నది పూర్తిగా చెబుతాను.

ఆటగాడికి ఉండవలసిన మొదటి విద్య ఆట రోజున మైదానంలో ఉండటం. పెళ్ళికి రాని బంధువు ఎంత మంచివాడైతేనేమి, వాడి విస్తరి ఖాళీగానే ఉంటుంది కదా. 2004లో అతన్ని ఇంగ్లండ్ కెప్టెన్‌గా ప్రకటించారు. చేతికి దెబ్బ, ఆ మ్యాచ్‌లు ఆడలేదు. జట్టు అతని కోసం చూస్తూ కూర్చుంది, అతని స్థానంలో ఆడినవాళ్ళకు మాత్రం “తాత్కాలికం” అన్న ముద్ర పోలేదు. వాళ్ళ గురించి ఎవరైనా కన్నీరు పెట్టారా?

పోల్చాలంటే న్యూజిలాండ్ ఆటగాడు డాన్ కార్టర్‌ను చూడండి. 2003 నుంచి 2015 వరకు 112 టెస్టులు (దేశం తరఫున ఆడే మ్యాచ్‌లు), 1,598 పాయింట్లు. విల్కిన్‌సన్ 1998లోనే మొదలుపెట్టి 2011 దాకా ఇంగ్లండ్‌కు ఆడింది 91. ఇద్దరిదీ ఒకే స్థానం, పదో నంబరు, ఒకే పని. నాకు తన్ను కంటే హాజరు పట్టీ ముఖ్యం.

---

లెక్కల మాస్టారు (తిరుపతి) | ఆదివారం, మధ్యాహ్నం 12:10

హాజరు పట్టీ మాట వచ్చింది కాబట్టి బడిపంతుల్ని నేను రాకతప్పదు.

కార్టర్‌ను తెచ్చి ఇరుక్కున్నారు స్క్రమ్ గారూ. 2011 ప్రపంచ కప్పు అతని సొంత దేశంలో జరిగింది. లీగ్ దశలోనే సాధన చేస్తూ గజ్జ దగ్గరి కండరం చిరిగి, నాకౌట్ మ్యాచ్‌లన్నీ పోగొట్టుకున్నాడు. అతని తర్వాతివాడికీ గాయం, ఆ తర్వాతివాడు ఫైనల్ మధ్యలో మోకాలు పట్టుకున్నాడు. చివరికి వరుసలో నాలుగోవాడైన స్టీఫెన్ డోనాల్డ్ వచ్చి కొట్టిన పెనాల్టీతో న్యూజిలాండ్ 8–7తో ఫ్రాన్స్‌ను ఓడించింది. పిలుపు వచ్చినప్పుడు ఆయన చేపలు పడుతున్నాడు! అంతకుముందు 2009లో కార్టర్‌కు మడమ వెనక స్నాయువు తెగి ఒక సీజన్ పోయింది. అయినా అతన్ని ఎవరూ దెబ్బల మనిషి, అంటే ఎప్పుడూ గాయాలపాలయ్యేవాడు, అనరు. 2015 ఫైనల్‌లో 19 పాయింట్లు కొట్టి కప్పు ఎత్తుకున్నాడు కాబట్టి పాత పద్దు కొట్టేశారు.

ఇక విల్కిన్‌సన్ పద్దు. ఫైనల్ అయిన నెలకే క్లబ్బు మ్యాచ్‌లో మెడ, భుజం. 2004 మొదట్లో ఆపరేషన్. ఆ ఏడు చివర చేతి కండరంలో రక్తం గడ్డకట్టింది. 2005 జనవరిలో మోకాలి లోపలి లిగమెంటు, మార్చిలో తిరిగివచ్చిన రోజునే మళ్ళీ అదే మోకాలు. ఆ వేసవిలో బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ళు కలిసి ఆడే లయన్స్ జట్టుతో న్యూజిలాండ్ వెళ్ళి రెండో టెస్టులో మెడ నరం లాగింది. తర్వాత అపెండిక్స్. తర్వాత గజ్జ, హెర్నియా. 2006లో మళ్ళీ మోకాలు, నవంబరులో మూత్రపిండం చిట్లింది.

ఇది రాస్తుంటే మా ఆవిడ వెనకనుంచి చదివి, “ఎవరికండీ ఇన్ని? జాతకం చూపించారా?” అంది.

---

కొత్తగా చేరాను (పుత్తూరు) | ఆదివారం, మధ్యాహ్నం 12:25

క్షమించాలి, డ్రాప్ గోల్ అంటే ఏమిటి?

---

ఎడమకాలి పది (తిరుపతి) | ఆదివారం, మధ్యాహ్నం 12:40

స్వాగతం. ఆట నడుస్తుండగానే చేతిలోని బంతిని నేల మీదికి వదిలి, అది తాకి లేచే క్షణంలో తన్ని, రెండు గుంజల మధ్య అడ్డకర్ర మీదుగా పంపాలి. మూడు పాయింట్లు. కోడిగుడ్డు ఆకారం బంతి కాబట్టి నేలను ఎలా తాకిందో అలా లేస్తుంది. పైగా ఎదుటివాళ్ళు మీదికి దూకుతుంటారు. ఆ ఫైనల్‌లోనే అతను అంతకుముందు మూడు డ్రాప్ గోల్స్ తప్పాడు. నాలుగోది మంచి కాలితో తన్నే వీలు లేక రెండో కాలితో కొట్టాడు.

---

రేణిగుంట జంక్షన్ (ప్రస్తుతం రేణిగుంట, ఒకప్పుడు సిడ్నీ) | ఆదివారం, మధ్యాహ్నం 2:05

ఆ సాయంత్రం నేను సిడ్నీలోనే ఉన్నాను. చదువుకుంటూ ఒక భోజనశాలలో గిన్నెలు కడిగేవాణ్ణి. మైదానం టిక్కెట్టు కొనే స్తోమత లేదు, వంటగదిలో రేడియో ఉండేది. బయట వాన. ఆస్ట్రేలియావాళ్ళ ఎల్టన్ ఫ్లాట్లీ 80వ నిమిషంలో పెనాల్టీ కొట్టి సమం చేసినప్పుడు మా వంటమనిషి గరిటె విసిరేశాడు. అదనపు సమయంలో మళ్ళీ సమం చేసినప్పుడు రెండో గరిటె. ఆ తర్వాత ఈ డ్రాప్ గోల్. ఈసారి ఏమీ విసరలేదు, స్టవ్ ఆపేసి బయటికి వెళ్ళి వానలో నిలబడ్డాడు.

నాకు అప్పటికి రగ్బీ తెలియదు. మర్నాడు పత్రికలో ఫొటో చూశాను: తన్నబోయే ముందు రెండు చేతులూ కలిపి, కొద్దిగా వంగి, బంతిని చూస్తున్న మనిషి. దేవుడికి దండం పెట్టుకుంటున్నాడనే అనుకున్నాను. ధ్యాస చెదరకుండా అలా చేస్తాడని తర్వాత తెలిసింది. గుంజల వెనక గ్యాలరీలో డోరిస్ అనే ఊహా స్త్రీ కూర్చుని ఉందనుకుని, ఆమె చేతిలోని డబ్బాను గురిపెట్టి తన్నేవాడట. ఊహలోనైనా ఆవిడ ఎన్ని దెబ్బలు తినిందో!

---

పలమనేరు రైడర్ (పలమనేరు) | ఆదివారం, సాయంత్రం 4:30

నేను కబడ్డీవాణ్ణి. నా దృష్టిలో తప్పు అతనిదే.

పదో నంబరువాడి పని బంతి పంచడం, తన్నడం, దారి చూపడం. కూతకు వెళ్ళేవాడికీ పట్టేవాడికీ తేడా ఉన్నట్టే అక్కడా ఉంది. అతను అయిదడుగుల పదంగుళాలు, తొంభై కిలోలకు లోపు. నూట పదిహేను కిలోలవాడు పరుగెత్తుకొస్తుంటే పక్కకు తప్పుకుని, వెనకున్న పెద్దవాళ్ళు చూసుకుంటారులే అనుకోవాలి. ఇతను ఎదురెళ్ళి భుజం పెట్టేవాడు. పాత వీడియోలు చూడండి, ముందు వరుసలోని వస్తాదులాగా కొడతాడు. మెడ, భుజం, చేయి పోక ఇంకేమి పోతాయి?

రంగంపేటలో కనుమ రోజు పశువుల పండుగ చూసినవాళ్ళకు తెలుసు. కోడె కొమ్ములకు కట్టిన పలక మీద చేయి వేయాలంటే పక్కనుంచి వెళ్ళాలి. ఎదురుగా నిలబడేవాడిని ధైర్యవంతుడని ఊళ్ళో ఎవరూ అనరు, ఇంట్లోవాళ్ళు తిడతారు.

---

చిత్తూరు స్క్రమ్ (చిత్తూరు) | ఆదివారం, సాయంత్రం 4:50

నేను చెప్పలేకపోయింది రైడర్ చెప్పాడు.

---

మోకాళ్ళ మెట్టు (తిరుపతి) | ఆదివారం, రాత్రి 9:15

రోజంతా డ్యూటీ, ఇప్పుడే చూశాను. ఫిజియోథెరపిస్టును కాబట్టి కాస్త విసుగ్గానే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

“దెబ్బల మనిషి” అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మాస్టారు ఇచ్చిన పద్దు మళ్ళీ చదవండి. అపెండిక్స్ ఎవరికైనా వస్తుంది, మీ పక్కింటి గుమాస్తాకు కూడా. దానికీ రగ్బీకీ సంబంధం లేదు. మూత్రపిండం చిట్లడం వీపు పక్కన బలమైన దెబ్బ తగిలితే జరుగుతుంది, అది ఒంటి బలహీనత కాదు. మోకాలి లోపలి లిగమెంటు పక్కనుంచి ఎవరైనా మీద పడితే తెగుతుంది. మెడ నరం లాగడమంటే భుజం ఒకవైపు, తల ఒకవైపు వెళ్ళి, మెడ నుంచి చేతికి దిగే నరాల గుత్తి సాగడం. చేయంతా మంట పుట్టి మొద్దుబారుతుంది. ఇవన్నీ ఒకే సంచిలో వేసి మూతికట్టి, పైన ఒక పేరు రాసేశారు. ఒకే మోకాలు రెండు నెలల్లో రెండుసార్లు పోయిందన్నది మాత్రం నాకు వేరే విషయం చెబుతోంది: తొందరపడి దిగి ఉండవచ్చు. దానికి కూడా ఒంటిని కాదు, తొందరను అనాలి.

రైడర్ తమ్ముడి మాట పూర్తిగా కొట్టేయను. ఎదురెళ్ళి కొడితే భుజం, మెడ నలుగుతాయి. అయితే అతను చెప్పని కారణం ఇంకొకటి ఉంది: సాధన. ఆరు తన్నులు వరుసగా తన మనసుకు నచ్చినట్టు పడితే గానీ మైదానం వదిలేవాడు కాదని అతని గురించి అందరూ చెప్పుకుంటారు. అయిదు బాగా పడి ఆరోది పక్కకు పోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. తనను తాను ఎప్పుడూ మెచ్చుకోలేకపోయాననీ, ఆందోళన, కుంగుబాటు వెంటాడాయనీ తర్వాతి కాలంలో అతనే బహిరంగంగా చెప్పాడు. గజ్జ కండరానికి వేల తన్నుల లెక్క తెలుసు, అది మరిచిపోదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కూడా సగం మంది ఆటలో కాదు, సాధనలోనే గాయపడతారు.

---

లెక్కల మాస్టారు (తిరుపతి) | ఆదివారం, రాత్రి 9:40

అమ్మా, మీ సంచి పోలిక బాగుంది. నా పద్దు నేనే వెనక్కి తీసుకుంటున్నాను, లేదా కనీసం శీర్షిక మారుస్తాను.

అందరూ దాటేసిన ఒక ముచ్చట చెప్పాలి. 1,169 రోజుల తర్వాత అతను తిరిగివచ్చిన మ్యాచ్ ఏదో గమనించారా? లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో స్కాట్లండ్‌తో, కలకత్తా కప్పు కోసం. ఆ కప్పు మన రూపాయలతో చేసింది! కలకత్తాలో ఆంగ్లేయుల రగ్బీ క్లబ్బు 1878లో మూతపడింది. బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలను కరిగించి కప్పు చేయించి ఇంగ్లండ్‌కు పంపారు. పిడులు మూడు తాచుపాములు, మూత మీద ఏనుగు. ఇప్పటికీ ఇంగ్లండ్, స్కాట్లండ్ దాని కోసమే కొట్టుకుంటాయి. 1988లో ఇద్దరు ఆటగాళ్ళు తాగి ఎడిన్‌బరో వీధుల్లో దాన్ని సొట్టలు పడేలా ఆడుకున్నారు కూడా. మన వెండికి ఆ గౌరవం!

ఆ రోజు విల్కిన్‌సన్ 27 పాయింట్లు కొట్టాడు. 42–20. మూడేళ్ళు బెంచీ మీద లేని పిల్లవాడు తిరిగివచ్చి లెక్కల పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకున్నట్టు.

---

చిత్తూరు స్క్రమ్ (చిత్తూరు) | ఆదివారం, రాత్రి 10:05

ఆ 27లో అయిదు పాయింట్ల ట్రై (బంతిని ఎదుటివాళ్ళ గీత అవతల నేలకు ఆనించడం) ఉంది చూశారూ, దాన్ని మళ్ళీ చూడండి. బంతి నేలకు తాకించే ముందే అతని కాలు మైదానం పక్క గీత దాటింది. వీడియో చూసి కూడా ఇచ్చేశారు. మార్కులు దిద్దినవాళ్ళకు కూడా పిల్లవాడి మీద జాలి కలిగింది మాస్టారూ.

---

లెక్కల మాస్టారు (తిరుపతి) | ఆదివారం, రాత్రి 10:12

సరే, 22. అప్పటికీ మొదటి మార్కే.

---

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట) | సోమవారం, ఉదయం 7:20

అంతటితో ఆగలేదు కదా. అదే 2007లో ప్రపంచ కప్పు ఫ్రాన్స్‌లో. మొదటి మ్యాచ్‌కు ముందు సాధనలోనే చీలమండ మడతపడింది. అతను లేని మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా 36–0తో ఉతికింది. తిరిగివచ్చాక క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద 12–10. ఆ పన్నెండూ ఇతనివే. సెమీస్‌లో ఫ్రాన్స్ మీద 14–9, చివర్లో మళ్ళీ డ్రాప్ గోల్. ఫైనల్ 15–6తో పోయింది, కానీ 36–0 తిన్న జట్టు అదే ప్రత్యర్థితో ఫైనల్ ఆడటమే ఒక వింత. హాజరు పట్టీ అంటున్న స్క్రమ్ అన్నా, హాజరైన రోజుల్లో ఏమి జరిగిందో ఆ పట్టీలో రాసే గడి ఉందా?

---

చిత్తూరు స్క్రమ్ (చిత్తూరు) | సోమవారం, ఉదయం 8:45

ఉంది. రాశాను. నేను రాతి గుండెవాణ్ణి కాను.

నిజం చెప్పాలంటే నాకు ఇతన్ని చూస్తే మన ఆశిష్ నెహ్రా గుర్తొస్తాడు. అదే 2003లో డర్బన్‌లో వాచిన చీలమండతో ఇంగ్లండ్ మీద 23 పరుగులకు 6 వికెట్లు. ఆ ఒక్క రాత్రి గురించి మా వీధిలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. కానీ నెహ్రా ఆడిన టెస్టులు మొత్తం 17. మన దగ్గర అతన్ని ఏళ్ళ తరబడి ఎగతాళి చేశాం, నేను కూడా చేశాను. అదే ఇంగ్లండువాడైతే 1,169 రోజులను పురాణంలా పారాయణ చేస్తున్నాం. నా కోపం విల్కిన్‌సన్ మీద కాదేమో, మన మీదేనేమో. ఆఫీసుకు ఆలస్యమవుతోంది.

---

ఎడమకాలి పది (తిరుపతి) | సోమవారం, రాత్రి 8:30

అన్నా, ఈ మాట నిన్న టీ దగ్గరే అని ఉంటే టీ వేడిగా తాగేవాళ్ళం.

నాకు అతని కథలో ఇష్టమైన భాగం సిడ్నీ కాదు, తూలాన్. 2008లో మోకాలి చిప్ప తప్పింది. 2009లో, ముప్పై ఏళ్ళ వయసులో, పన్నెండేళ్ళు ఆడిన న్యూకాసిల్ క్లబ్బు వదిలి ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని తూలాన్ క్లబ్బుకు వెళ్ళాడు. పింఛను కోసం వెళ్ళాడని నవ్వినవాళ్ళు ఉన్నారు. అయిదేళ్ళు ఆడాడు. 2013లో క్లెర్మాన్ మీద 16–15తో యూరప్ కప్పు, 2014లో సారసెన్స్ మీద 23–6తో మళ్ళీ అదే కప్పు, సరిగ్గా వారానికి కాస్ట్ర్ మీద 18–10తో ఫ్రెంచి లీగ్ కప్పు. ఆ రెండింటి మధ్యలోనే అతనికి 35 నిండాయి. ఆ చివరి మ్యాచ్‌తోనే ఆపేశాడు. దెబ్బలు అక్కడా తగిలాయి, కానీ అంత సుదీర్ఘంగా మంచం పట్టలేదు. అక్కా, ఒళ్ళు మారిందా, మనిషి మారాడా?

---

మోకాళ్ళ మెట్టు (తిరుపతి) | సోమవారం, రాత్రి 10:00

దూరంనుంచి రోగిని చూడకుండా చెప్పకూడదు. అయితే ముప్పై దాటిన ఆటగాళ్ళలో ఒకటి చూస్తుంటాను: ఏ బంతికి పరుగెత్తాలో, దేన్ని వదిలేయాలో తెలుస్తుంది. ఇరవైలో అది తెలియదు, చెప్పినా వినరు.

ఇంకో మాట ఉంది, అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆ సిడ్నీ ఫైనల్‌లో ఇంగ్లండ్ ముందు వరుసలో స్టీవ్ థాంప్సన్ ఆడాడు. 2020లో, 42 ఏళ్ళ వయసులో, తనకు చిన్న వయసులోనే చిత్తవైకల్యం మొదలైందని బయటపెట్టాడు. ఆ కప్పు గెలిచిన రోజు తనకు గుర్తులేదని చెప్పాడు. ఆటలో తలకు పదేపదే తగిలిన దెబ్బల మీద అతనూ మరికొందరు మాజీ ఆటగాళ్ళూ న్యాయపోరాటానికి దిగారు. రేణిగుంట అన్న వంటగదిలో రేడియో విన్న సాయంత్రాన్ని గరిటెలతో సహా చెప్పాడు. మైదానంలో ఉన్న మనిషికి ఆ సాయంత్రమే లేదు.

థాంప్సన్‌ను ఎవరూ దెబ్బల మనిషి అనలేదు. అతను హాజరయ్యాడు. రెండు జట్లవాళ్ళూ తలలు దూర్చి నెట్టుకునే స్క్రమ్‌లో తల పెట్టాడు, వారం వారం పెట్టాడు. కట్టు కనిపించే గాయాన్నే మనం గాయమంటాం.

---

పలమనేరు రైడర్ (పలమనేరు) | సోమవారం, రాత్రి 10:20

ఇది నాకు తెలియదు అక్కా.

---

రేణిగుంట జంక్షన్ (రేణిగుంట) | సోమవారం, రాత్రి 11:05

నాకూ తెలియదు. గరిటెల కథ ఇన్నేళ్ళుగా నవ్విస్తూ చెబుతున్నాను.

---

చిత్తూరు స్క్రమ్ (చిత్తూరు) | మంగళవారం, ఉదయం 6:10

అక్కా, నేను కాలేజీలో మూడేళ్ళు ముందు వరుసలో ఆడాను. ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. అది గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. తల తిరిగినా నీళ్ళు చల్లుకుని లోపలికి వెళ్ళిన రోజులు రెండు గుర్తున్నాయి. గుర్తులేనివి ఎన్నో.

---

మోకాళ్ళ మెట్టు (తిరుపతి) | మంగళవారం, ఉదయం 6:40

భయపడకండి, కానీ ఒకసారి నరాల వైద్యుడికి చూపించుకోండి. ఇక్కడ చర్చించవద్దు, నాకు విడిగా రాయండి.

---

ఎడమకాలి పది (తిరుపతి) | మంగళవారం, రాత్రి 9:00

మాట మారుస్తున్నందుకు మన్నించాలి, అసలు ఇది అడగడానికే చర్చ మొదలుపెట్టానేమో. వచ్చే నెల చెన్నై నుంచి ఒక జట్టు వస్తోంది. మీద పడకుండా చేత్తో తాకి ఆపే టచ్ రగ్బీ కాదు, పూర్తి ఆట. పదో నంబరుకు మనిషి లేడు. నాకు 33 ఏళ్ళు. ఆపరేషన్ అయి ఆరేళ్ళు దాటింది, నొప్పి లేదు. పోయిన నెల అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. మోకాళ్ళ మెట్టు దగ్గర కూడా ఆగలేదు. ఆడవచ్చా?

---

మోకాళ్ళ మెట్టు (తిరుపతి) | మంగళవారం, రాత్రి 9:25

నా పేరు పెట్టుకున్న చోట ఆగకుండా వెళ్ళావా, సరే. ఎక్కడం కాదు తమ్ముడూ, దిగడం ఎలా ఉంది? మోకాలి మీద బరువు పడేది దిగేటప్పుడు. మీరంతా ఎక్కి, కొండ మీద నుంచి బస్సులో దిగి, మోకాలు బాగుందంటారు. పైగా నీది ఎడమకాలి తన్ను, అంటే ప్రతి తన్నుకూ నిన్ను మోసేది ఆ కుడి మోకాలే.

విల్కిన్‌సన్‌కు తెగింది లోపలి పక్క లిగమెంటు. అది చాలావరకు తనంతట తానే అతుక్కుంటుంది. నీకు తెగింది మధ్యలో ఉండే ముందు లిగమెంటు. కొత్తది వేసి నిలబెట్టారు. దానికి నొప్పి లేకపోవడం అర్హత కాదు.

ఆదివారం మైదానానికి టేపు తెస్తాను. ఒంటికాలి మీద నిలబడి ముందుకు దూకి, అదే కాలి మీద ఆగాలి. మూడుసార్లు కుడి, మూడుసార్లు ఎడమ. కుడి కాలి దూరం ఎడమదానిలో నూటికి తొంభై వంతులైనా రావాలి. అది మొదటి పరీక్ష మాత్రమే.

---

లెక్కల మాస్టారు (తిరుపతి) | ఆదివారం, ఉదయం 9:30

మైదానం నుంచి నేరుగా రాస్తున్నాను, లెక్క నా చేతిలో ఉంది. ఎడమ 158 సెంటీమీటర్లు, కుడి 131. అంటే 83 శాతం. మూడో ప్రయత్నంలో కుడి కాలి మీద నిలబడలేక రెండో కాలు ఆనించాడు, అది లెక్కలోకి తీసుకోలేదు. మార్కులు దిద్దినవాళ్ళకు ఈసారి జాలి కలగలేదు.

---

ఎడమకాలి పది (తిరుపతి) | ఆదివారం, ఉదయం 11:15

83. ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర మళ్ళీ దూకి చూశాను. ఇంకా తక్కువే వచ్చింది.

రైడర్, వచ్చే వారం ముందుగా రా. బంతి వదలడం, తన్నడం నేర్పుతాను. పదో నంబరు చొక్కా నీకు కాస్త బిగుతుగా ఉంటుంది.

---

పలమనేరు రైడర్ (పలమనేరు) | ఆదివారం, ఉదయం 11:40

వస్తాను అన్నా. ఎదురెళ్ళి కొట్టను, మాట ఇస్తున్నాను.

---

చిత్తూరు స్క్రమ్ (చిత్తూరు) | ఆదివారం, మధ్యాహ్నం 12:05

నేనూ ఆడటం లేదు, వైద్యుడి దగ్గర తేదీ దొరికింది. తమ్ముడూ, మనిద్దరం గీత బయటే. నీళ్ళ సీసాలు నువ్వు తే, టీ డబ్బులు నావి.